తమ్ముడి రోరా: బుహేరా వెళ్లి పిల్లనడిగి వచ్చాం

మా తమ్ముడు జింబాబ్వే రాజధాని హరారేలో ఒక షోనా జాతి అమ్మాయిని చేసుకుంటానన్నప్పుడు మదనపల్లెలో మా అమ్మ కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు. ఎత్తిన రోజు మొదట అడిగింది కట్నం గురించే. వాళ్లలో కట్నం ఉండదమ్మా, మనమే ఇచ్చుకోవాలి అన్నాను. ఫోన్ కట్ అయింది. కాసేపటికి అవ్వ చేసింది. "మా అమ్మను ఓలి ఇచ్చే చేసుకున్నార్రా, అందులో తప్పేముంది, ఈ కట్నాలు మొన్నమొన్న వచ్చినవి" అని, ఎన్ని ఆవులు అడుగుతున్నారని కూడా అడిగింది. ఆవుల సంగతి ఆమెకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలీదు.

అలా ఇచ్చుకునేదాన్ని షోనా భాషలో రోరా అంటారు, దక్షిణాఫ్రికా వైపు లొబోలా. నేను హరారేలో ఒక మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రోరా కోసం అడ్వాన్సు అడిగేవాడు ఆఫీసులో ఎప్పుడూ ఒకడుంటాడు కాబట్టి మాట నాకు కొత్త కాదు. అయితే వోచర్ మీద సంతకం పెట్టడం వేరు, పెళ్లికొడుకు తరఫున వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గర నేల మీద కూర్చోవడం వేరు. జాంబియాలో, దక్షిణాఫ్రికాలో ఉన్న మనవాళ్లు కొందరు ఎలా జరిగిందో చెప్పమని అడుగుతున్నారు, ప్రతిసారీ ఫోన్లో మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక రాస్తున్నా.

అమ్మాయి వాళ్ల సొంతూరు బుహేరా జిల్లాలో. హరారే నుంచి మస్వింగో రోడ్డు పట్టుకుని చివు దాకా వెళ్లి అక్కడ ఎడమకి తిరిగితే మురంబిండా వైపు దారి. వానలు తక్కువ, ఇసుక నేల, ఎక్కడ చూసినా గుండ్రాళ్ల గుట్టలు, మా ఊరి వైపు నుంచి వచ్చినవాడికి పెద్ద తేడా కనిపించదు. హరారేలో ఎన్ని తరాలుగా ఉన్నా, ఎంత పెద్ద ఇల్లు కట్టుకున్నా, రోరా లాంటి పని చాలామంది ఆ సొంతూళ్లోనే పెట్టుకుంటారు. దాన్ని కుముషా అంటారు. అమ్మాయి హరారేలో టీచరు, తండ్రి రిటైరై ఊరికి వెళ్లిపోయాడు.

ముందు ముటుపో గురించి చెప్పాలి, అది లేకుండా అక్కడ మనిషిని పలకరించడమే కుదరదు. ప్రతి షోనా మనిషికీ తండ్రి నుంచి ఒక ముటుపో వస్తుంది. చాలావరకు జంతువు పేరే: షుంబా అంటే సింహం, సోకో అంటే కోతి, న్జోవు అంటే ఏనుగు. మోయో అంటే గుండె, ద్జివా అంటే మడుగు, ఇలాంటివీ ఉన్నాయి. ఎవరి ముటుపో వాళ్లు తినకూడదు. ఒకే ముటుపో వాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క. తెలియక ప్రేమలో పడి, ఇక తప్పదన్నప్పుడు, బంధుత్వం తెంచుకోవడానికి 'చెకా ఉకామా' అని ఒక ఆవు విడిగా ఇచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది, అన్ని కుటుంబాలూ ఒప్పుకోవు. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు, ముటుపోతోనే పిలవాలి. అమ్మాయి వాళ్లది మ్హోఫు, అంటే ఎలాండ్, జింక జాతుల్లో అన్నిటికంటే పెద్దది. తండ్రిని మ్హోఫు అనొచ్చు, ఇంకాస్త గౌరవంగా ముసేయమ్వా అనొచ్చు. ఆ వంశంలో ఆడపిల్ల చిహేరా. ఈ చిహేరాల మీద జింబాబ్వేలో ఉన్నన్ని జోకులు మరెవరి మీదా ఉండవు: మాట పడరని, పెత్తనం వదలరని, మొగుడు నోరెత్తడానికి ముందే జవాబు చెప్పేస్తారని. చిహేరాని చేసుకుంటున్నాడని తెలియగానే మా ఆఫీసువాళ్లంతా తమ్ముడికి ముందే సానుభూతి తెలిపారు.

మరి మాకు ముటుపో ఏది? పిల్లలకి తండ్రి ముటుపోనే వస్తుంది కాబట్టి వాళ్లు ఈ ప్రశ్న సరదాకి అడగలేదు. గోత్రం ఉంది, ఒకే గోత్రంలో చేసుకోం, తండ్రి వైపు నుంచి వస్తుంది అని చెప్పాను. జంతువేది అన్నారు. ఋషి అన్నాను. ఋషిని ఎలాగూ తినరు కదా అన్నాడు అమ్మాయి అన్న. మన దగ్గర కూడా ఫలానా చెట్టు నరకకూడదు, ఫలానాది నోట పెట్టకూడదు అనే గోత్రాలున్న కులాలు ఉన్నాయని చెప్పాక కొంచెం నమ్మకం కుదిరింది.

దీన్ని చివరికి తేల్చింది మా మున్యాయి. మున్యాయి అంటే మధ్యవర్తి, పెళ్లికొడుకు తరఫున మాట్లాడేది ఆయనొక్కడే. పెళ్లికొడుకు తండ్రి రావాల్సిన పని లేదు, మామూలుగా రాడు కూడా, అందుకని మదనపల్లె నుంచి ఎవరినీ పిలవలేదు. మాకు దొరికింది మా గోడౌన్ చూసే పెద్దాయన. ఆయనా బుహేరా వైపే, న్జాంజా వంశం మనిషి, ముటుపో మోయో, అందులో సిన్యోరో శాఖ. న్జాంజా వాళ్ల మూలపురుషుడు తూర్పు తీరం నుంచి లోపలికి వచ్చిన ఒక పోర్చుగీసు వ్యాపారి కొడుకని వాళ్లే చెప్పుకుంటారు, ఆ సిన్యోరో అనే పేరు కూడా పోర్చుగీసు మాట నుంచి వచ్చిందే. "సముద్రం దాటి వచ్చిన మా తాతకి మోయో దొరికింది, మీవాడికి మాత్రం దొరకదా? ప్రస్తుతానికి ఋషి అని రాసుకుందాం, పిల్లలు పుట్టాక చూద్దాం" అన్నాడు. అటువాళ్లూ సరేనన్నారు.

మున్యాయి ఎవరైనా ఒకటే అనుకుంటే దెబ్బతింటారు. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎవరిని ఏమని పిలవాలో, ఏ మాటకి తల దించుకోవాలో, ఏ మాటకి బతిమాలాలో ఆయనకి తెలిసుండాలి. ఏది తప్పినా జరిమానా. పూర్వం మున్యాయి రాగానే కర్రలతో తరిమేవాళ్లట, మంట ఆర్పేసేవాళ్లట, మళ్లీ మళ్లీ తిరిగి వచ్చినవాడికే పిల్లనిచ్చేవాళ్లట. ఇప్పుడు ఆ తరమడం నవ్వులాటకి ఒక నిమిషం జరుగుతుంది, కొన్నిచోట్ల అదీ లేదు.

మేం అక్టోబర్ ఆఖరు అనుకున్నాం. మున్యాయి వద్దన్నాడు. ఏదైనా అడ్డం వచ్చి వాయిదా పడితే నవంబర్‌లో పడుతుంది, నవంబర్ అంటే ంబుద్జి నెల, అందులో రోరా లేదు, పెళ్లి లేదు, పూర్వీకులకి చేసే ఏ కార్యమూ లేదు. ఆషాఢం చూసుకునే ఇంట్లో పుట్టినవాడిని కాబట్టి నాకు మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు. 2024 సెప్టెంబర్‌కి జరిపాం.

లిస్టు అమ్మాయి టేటే ద్వారా వచ్చింది. టేటే అంటే మేనత్త, తండ్రి అక్కో చెల్లెలో. షోనా ఇంట్లో ఆడపిల్ల ప్రేమ సంగతి మొదట తెలిసేది ఆమెకే, తల్లికి చెప్పరు, తండ్రికి అసలే చెప్పరు. లిస్టులో తండ్రికి సూటు, టోపీ, బూట్లు, తల్లికి బట్టలు, బూట్లు, దుప్పటి. కాలర్ కొలతతో సహా రాసి పంపారు. ఆ తర్వాత సరుకులు: బియ్యం, చక్కెర, నూనె, పిండి, ఉప్పు, సబ్బులు, మజోయే ఆరెంజ్ క్రష్, కూల్‌డ్రింక్స్. మజోయే లేకుండా రోరా సరుకు ఊహించలేం, ఏ బ్రాండ్ కావాలో కూడా రాస్తారు. నగదు అంతా అమెరికన్ డాలర్లలో. 2009 నుంచి ఇక్కడ చాలావరకు డాలరుతోనే బతుకుతున్నారు, 2024 ఏప్రిల్‌లో ప్రభుత్వం జిగ్ అని కొత్త కరెన్సీ తెచ్చింది, కానీ జిగ్‌లో రోరా లిస్టు రాసిన తండ్రిని నేనైతే ఇప్పటిదాకా చూడలేదు. కష్టమంతా చిల్లరతో వచ్చింది. పళ్లెంలో మాటిమాటికీ ఒకటి, రెండు, అయిదు, పది వేస్తూ ఉండాలి, ఇక్కడ తిరిగే ఒక డాలరు నోట్లు చేతులు మారీ మారీ గుడ్డపీలికల్లా మెత్తబడి నల్లగా అయిపోయి ఉంటాయి, అవి వేస్తే మర్యాదగా ఉండదు. తెలిసిన షాపులన్నీ తిరిగి కొత్తవి పోగుచేశాను. ఆ డబ్బు వేయడానికి కొయ్య పళ్లెం, పెద్దలకి నస్యం హరారేలోని ంబారే మార్కెట్లో కొన్నాం.

దారిలో మున్యాయి చరిత్ర చెప్పాడు, నేను చదివింది కొంత కలిపాను. ఒకప్పుడు ఈ వైపు రోరా కింద ఇనుప గొడ్డళ్లు, పారలు కూడా ఇచ్చేవాళ్లు. హ్వెద్జా కొండలో ఇనుము తీసి పారలు చేసి దూరాలకి అమ్మినవాళ్లు ఈ న్జాంజాలే, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన సీట్లో నిటారుగా కూర్చున్నాడు. తర్వాత ఆవులే ఆస్తి అయ్యాయి. 1894లో అప్పట్లో ఇక్కడ ఏలిన తెల్లవాళ్ల కంపెనీ, బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ, గుడిసెకి పది షిల్లింగుల పన్ను వేసింది, అది కట్టాలంటే కుర్రాళ్లు గనులకీ తెల్లవాళ్ల పొలాలకీ కూలికి పోవాలి. 1896లో పశువుల మహమ్మారి రిండర్‌పెస్ట్ వచ్చి ఇక్కడి మందలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఏడాదే తెల్లవాళ్ల మీద చిమురెంగా తిరుగుబాటు లేచింది, అందులో పాల్గొన్నందుకు పూర్వీకుల ఆత్మ పూనే నెహాండా న్యకసికానా అనే ఆవిడని 1898లో ఉరి తీశారు, ఇప్పుడు హరారే నడిబొడ్డున ఆమె విగ్రహం ఉంది. మందలు పోయి, కుర్రాళ్ల చేతికి కూలి డబ్బు వచ్చాక, మామలు నగదు అడగడం మొదలైంది. ఈ రిండర్‌పెస్ట్ 1880ల చివర్లో ఇటలీవాళ్లు ఎరిత్రియాకి దింపిన పశువులతో ఆఫ్రికాలో అడుగుపెట్టిందని, ఆ పశువులు ఇండియా నుంచి వచ్చినవని చరిత్రకారులు రాస్తారు. ఈ ముక్క నేనే చెప్పాను. "అయితే మీరు మాకు ఎప్పుడో ఆవులు బాకీ పడ్డారన్నమాట" అన్నాడు ఆయన, ఆ రోజంతా అదే పాట.

ఇంటికి కొంచెం ముందే వరోరాలు బండి ఆపేశారు. వరోరాలంటే ఆ ఇంటి కోడళ్లు. అల్లుడి తరఫువాళ్లని ఏడిపించే హక్కు వాళ్లది. ఒకావిడ బానెట్ మీదకి ఎక్కి కూర్చుంది, ఒకావిడ దారి ఊడుస్తున్నట్టు నటిస్తూ దుమ్మంతా మా మీదకి ఎగరేసింది, ఇంకొకావిడ నా జేబు తడిమి ఇండియావాళ్లు షాపుల్లో ఎంత లాభం వేసుకుంటారో మాకు తెలుసులే అంది. ఇక్కడ ఇండియన్ అంటే షాపు యజమాని అనే లెక్క, గుజరాతీలు ఎప్పట్నుంచో ఉన్నారు. డాలర్లు ఇచ్చుకుంటూ ముందుకి కదిలాం. తమ్ముడిని మాత్రం దూరంగా బండిలోనే ఉండమన్నారు, పిలుపు వచ్చేదాకా పెళ్లికొడుకు కనిపించకూడదు. మమ్మల్ని ఒక ముహాచా చెట్టు కింద కూర్చోబెట్టి వదిలేశారు. ఎండ ఎక్కింది. ఎవరూ రాలేదు, నీళ్లు కూడా ఇవ్వలేదు. మర్చిపోయారేమో, అడుగుదామా అంటే మున్యాయి నవ్వాడు. ఆకలికీ ఎండకీ మేం ఎలా ఉంటామో వాళ్లు లోపలి నుంచి చూస్తున్నారట.

పిలిచిన చోటు గుండ్రటి వంటిల్లు, గడ్డి కప్పు, పేడతో అలికి నున్నగా మెరుస్తున్న నేల. లోపలికి వెళ్లగానే ఎదురుగోడకి ఆనుకుని మట్టితో చేసిన అరుగు, దాన్ని చికువా అంటారు, మీద కుండలు వరసగా పేర్చి ఉన్నాయి. పూర్వీకులతో మాట్లాడేది అక్కడే, ఇంట్లో ఎవరైనా పోతే శవాన్ని ఉంచేదీ ఆ వైపే, అందుకని ఊరికే వెళ్లి ఆ అరుగు మీద కూర్చోకూడదని నాకు ముందే చెప్పారు. కుడివైపు మగవాళ్లకి బల్ల, ఎడమవైపు ఆడవాళ్లకి చాప. మేం గుమ్మం పక్కనే నేల మీద, కాళ్లు ముడుచుకుని. మగవాళ్లు చప్పట్లు కొట్టేటప్పుడు వేళ్లు వేళ్లకి ఆనాలి, ఆడవాళ్లు అరచేతులు అడ్డంగా పెట్టి బోలుగా చప్పుడు వచ్చేలా కొడతారు. నేను ఆడవాళ్ల పద్ధతిలో కొట్టేసరికి చాప వైపు నుంచి నవ్వులు.

తండ్రి నాకు మూడు బారల దూరంలో కూర్చున్నాడు. ఆయనకి మా మాటలన్నీ వినిపిస్తాయి. అయినా మున్యాయి చెప్పిన ప్రతి ముక్కనీ వాళ్ల ఇంటి పాత అల్లుడొకాయన అందుకుని తండ్రి తమ్ముడికి చెప్తాడు, ఆయన తండ్రికి చెప్తాడు, జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. మొదట చాదస్తం అనుకున్నా. గంట గడిచేసరికి దాని ఉపయోగం అర్థమైంది. కోపంగా అన్న మాట మూడు నోళ్లు దాటి మా దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతోంది. మా పిసినారితనం కూడా అటు వెళ్లేసరికి బీదతనంగా మారుతోంది. మన సంబంధాల్లో కట్నం దగ్గర మొహం మీద అనుకున్న మాటలు ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకునే ఇళ్లు నాకు తెలుసు, ఈ ఏర్పాటు మనకీ ఉంటే బాగుండేది.

ఇక పళ్లెం. ముందు ఆ పళ్లెం ముందుకు జరిపినందుకే డబ్బు, అది మేం కొనుక్కెళ్లిన పళ్లెమే అయినా సరే. తర్వాత 'మకందిన్జ్వా నని', మా ఇంట్లో ఆడపిల్ల ఉందని మీకెవరు చెప్పారు అని. ఆపైన 'వురామురోమో', పెద్దలు నోరు తెరవడానికి. ఈ మధ్యలో మాతో వచ్చిన తమ్ముడి ఫ్రెండ్ ఫోన్ మోగింది, అయిదు డాలర్లు జరిమానా. ఫోన్ స్విచాఫ్ చేస్తూ వాడు 'సారీ' అన్నాడు, అడగకుండా మాట్లాడినందుకు మళ్లీ అయిదు.

ఆ తర్వాత వచ్చినవి నన్ను కాసేపు అకౌంట్స్ లెక్క మర్చిపోయేలా చేశాయి. 'మతెకెన్యాందెబ్వు' తండ్రిది: చిన్నప్పుడు ఒళ్లో కూర్చుని గడ్డం పీకినందుకు. 'మఫుకిద్జాదుంబు' తల్లిది: కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మీద కప్పుకున్న గుడ్డకి. 'ంబెరెకో' కూడా తల్లిదే: వీపున కట్టుకుని మోసిన గుడ్డకి. పెద్ద మొత్తాలు కావు. కానీ ఒక్కొక్కటి పేరు పెట్టి గట్టిగా పలికి, పళ్లెంలో వేసి, చప్పట్లు కొట్టి, అటు తల్లి దాకా వెళ్లాక ఆడవాళ్లంతా కూత వేస్తారు. ఆ తల్లి తల దించుకునే ఉంది, ంబెరెకో డబ్బు చేతికి వచ్చినప్పుడు మాత్రం నోటు మడత విప్పి, మళ్లీ మడిచి, పైట లాంటి గుడ్డ కొంగున ముడేసుకుంది. మా ఇళ్లలో పెళ్లిళ్లకి రాసిన లిస్టులు నేను చాలా చూశాను, బీరువా, బండి, బంగారం అన్నీ ఉంటాయి, తల్లి మోసినందుకు అని ఒక లైను ఎక్కడా చూడలేదు.

అప్పుడు అమ్మాయిని పిలిచారు. టేటే ముందు, వెనక చెల్లెళ్లు, మోకాళ్ల మీద వచ్చి కూర్చున్నారు. తండ్రి ప్రశ్న మూడు నోళ్ల మీదుగా కాకుండా నేరుగా అడిగాడు, ఆ రోజంతటిలో అలా అడిగింది అదొక్కటే: వీళ్లు నీకు తెలుసా? తెలుసు అంది. వీళ్లు తెచ్చింది మేం తినొచ్చా? తినొచ్చు అంది. ఆ మాట అనేదాకా పళ్లెంలోది ఏదీ ఎవరూ ముట్టలేదు. ఆమె వద్దంటే అక్కడితో అయిపోయినట్టే, అలా అన్నవాళ్లు ఉన్నారని మున్యాయి తర్వాత చెప్పాడు. తనకంటూ పళ్లెంలోంచి కొంత తీసుకోవాలి, చెల్లెళ్లకి పంచుకోవాలి. సిగ్గుపడి రెండు నోట్లు తీస్తుందనుకున్నాం, చిహేరా కదా, నిదానంగా ఇరవైలన్నీ ఏరుకుంది.

అసలు బేరం రుసాంబో దగ్గర మొదలైంది, అది పెద్ద నగదు. మూడు వేలు అడిగారు. మున్యాయి చప్పట్లు కొడుతూ, మ్హోఫు, ముసేయమ్వా అని వంశాన్ని పొగుడుతూ, మేం పిల్లలం, పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లం అంటూ, మధ్యలో మమ్మల్ని బయటకి పంపి మళ్లీ పిలిపించి, రెండు వేలకి తెచ్చాడు. తర్వాత దంగా, అంటే మంద. ఎనిమిది ఆవులు. వాటిలో చాలావాటికి నగదు కట్టుకోవచ్చు, తలకి నాలుగు వందలు. అదీ ఒకేసారి అక్కర్లేదు, ఒకేసారి కట్టేస్తానంటే మెచ్చుకోరు. 2024 కరువు సంవత్సరం, ఎల్ నినో వల్ల పంటలు ఎండిపోతే ఏప్రిల్‌లో అధ్యక్షుడు మ్నంగాగ్వా జాతీయ విపత్తు ప్రకటించాడు. బుహేరాలో ఆవులు ఎముకలు తేలి ఉన్నాయి. ఇప్పుడు ఆవులు తోలుకొస్తే మేత ఎక్కడ, వానలు పడ్డాక చూద్దాం అన్నాడు తండ్రి. ఒక్కటి మాత్రం ప్రాణంతోనే కావాలి, మొంబే యేఉమాయి, తల్లి ఆవు. అది తల్లి వైపు పూర్వీకులది. నగదు చెల్లదు, ఎగ్గొడితే ఆ వైపు ఆత్మలు ఊరుకోవని, పిల్లలకి అరిష్టమని గట్టి నమ్మకం. చర్చికి వెళ్లేవాళ్లు కూడా ఈ ఒక్కదాని దగ్గర రిస్కు తీసుకోరు.

ఈ ఇల్లూ అంతే. తండ్రి చర్చి పెద్ద, ఆదివారం తప్పదు. ఆయన అన్న మాత్రం చికువా ముందు గొంతుక్కూర్చుని నస్యం నేల మీద పోసి, చప్పట్లు కొడుతూ, పోయిన తాతల్ని ఒక్కొక్కరినీ పిలిచి మీ మనవరాలు వెళ్తోంది, దూరదేశం మనుషులు, దారి చూపించండి అని విన్నవించుకున్నాడు. అంతసేపూ తండ్రి గుమ్మం దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు, బయటకీ వెళ్లలేదు, లోపలికీ రాలేదు.

అప్పటికి తమ్ముడిని రానిచ్చారు. ఇక భోజనం. మేక, కోడి, ఆకుకూర, నా ముందు పెట్టిన సాద్జా, అంటే పిండి ముద్ద, తెల్లది కాదు, ముదురు గోధుమ రంగు, జ్వియో పిండిది. జ్వియో అంటే రాగులే. ఇది మా ఇంట్లో రోజూ తినే సంగటి అన్నాను. ఎవరూ నమ్మలేదు. చేత్తో ముద్ద చేసి గుంట పెట్టి పులుసులో ముంచేసరికి కోడళ్లు కూత వేశారు. నిజానికి రాగులు తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాల్లో మొదట సాగైన పంట, వేల ఏళ్ల కిందట మన వైపు వచ్చింది. మా మున్యాయి మేక మాంసంలో గుండె ముక్క లేదని పళ్లెం తడిమి చూసుకున్నాకే తిన్నాడు, మోయో కదా.

టేటే నా పక్కన చేరి మెల్లగా అడిగింది: మీ దేశంలో మేనమామ కూతుర్ని చేసుకుంటారట, నిజమేనా? నిజమే, మా అమ్మానాన్నా మేనరికమే అన్నాను. ఆమె మొహం చూడాల్సింది. షోనా లెక్కలో మేనమామ కూతురు మరదలు కాదు, ఆమె అమ్మ వంశపు ఆడపిల్ల కాబట్టి వయసులో చిన్నదైనా అమ్మ వరసే అవుతుంది. అంటే మా నాన్న వాళ్ల అమ్మనే చేసుకున్నట్టు. ఈ కబురు గుడిసంతా పాకింది. పరువు కాపాడుకోవడానికి నేను వెంటనే భార్య చెల్లెలితో మాకూ సరసాలుంటాయని, అత్తగారి ఎదుట అల్లుడు ఒద్దికగా ఉంటాడని చెప్పాను. అవి వాళ్లకీ ఉన్నాయి: అల్లుడు అత్తగారికి చెయ్యి కూడా ఇవ్వడు, దూరం నుంచే చప్పట్లతో పలకరించాలి. మరదలితో వేళాకోళాన్ని చిరాము అంటారు, ఈ మధ్య దాని పేరు చెప్పి చేసే వెధవ పనులు బయటికొచ్చి చెడ్డపేరు తెచ్చుకుంది.

అంతా బాగుందని రాయడం లేదు. తిరుగు ప్రయాణంలో అమ్మాయి చెప్పిన మాటలు అబద్ధం కావు: కొంతమంది మగాళ్లు "నిన్ను డబ్బిచ్చి తెచ్చుకున్నా" అని జీవితాంతం అంటారు, విడిపోదామంటే ఆడపిల్ల పుట్టింటివాళ్లే డబ్బు తిరిగివ్వాలని భయపడి వెనక్కి పంపేస్తారు. ఇంకా ఘోరం, రోరా బాకీ ఉండగా ఆమె చనిపోతే, బాకీ తీర్చేదాకా పాతిపెట్టనివ్వని కుటుంబాలున్నాయి, దాన్ని కురోరా గువా అంటారు. శవం దగ్గర బేరం నాకు ఏ సంప్రదాయం పేరు చెప్పినా మింగుడుపడదు. చట్టం కొంత మారింది. 2016 జనవరిలో రాజ్యాంగ కోర్టు పద్దెనిమిదేళ్ల లోపు పెళ్లిళ్లు చెల్లవంది, 2022లో కొత్త వివాహ చట్టం వచ్చి పాత రెండు చట్టాలనీ కలిపేసింది, రోరా పూర్తికాకపోవడం పెళ్లికి అడ్డంకి కాదని కూడా తేల్చింది. రోరా ఒక్కటే చేసుకుని ఊరుకోకండి, వెళ్లి రిజిస్టర్ చేయించుకోండి, లేకపోతే రేపు ఆస్తి, వీసా, పిల్లల కాగితాలు అన్నిటికీ ఇబ్బందే. తమ్ముడికి ఇండియా నుంచి అవివాహితుడనే కాగితం తెప్పించడానికి పట్టిన టెన్షన్ ముందు రోరా చాలా తేలిక.

తల్లి ఆవు వానలు పడ్డాక తోలాం. హరారే నుంచి తీసుకెళ్దామనుకుంటే పశువుల డాక్టరు పర్మిట్, పోలీసు క్లియరెన్స్ లేకుండా ఆవుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలించడానికి వీల్లేదు, పైగా పిడుదుల వల్ల వచ్చే జనవరి జబ్బు భయం. అందుకని అదే ఊళ్లో పక్క మందలోంచి కొన్నాం. అమ్మాయి మేనమామ వచ్చి పళ్లు చూశాడు, పొదుగు చూశాడు, మొదటిదాన్ని ముసలిదని వెనక్కి పంపాడు, రెండోదానికి ఒప్పుకున్నాడు. ఈ మధ్యే అది ఈనింది, పెయ్యదూడ.

ఇంకా అయిదు ఆవులు బాకీ. అల్లుడు మేడిచెట్టు, ఎంత తిన్నా తరగడు అని షోనాలో ఒక సామెత ఉంది, మున్యాయి అది రోజూ గుర్తుచేస్తాడు. మామగారు మాత్రం ఫోన్ చేస్తే ఆవుల ఊసెత్తడు, మేకల దొడ్డికి ముళ్లతీగ కావాలంటాడు, బోరు మోటారు కాలిపోయిందంటాడు, తమ్ముడు పంపుతాడు. తమ్ముడికి మలేరియా వచ్చినప్పుడు మాత్రం ఆ పెద్దమనిషి బస్సెక్కి వచ్చి వారం రోజులు మంచం పక్కనే కూర్చున్నాడు. ఈ ముళ్లతీగ, మోటారు డబ్బుల్ని అయిదు ఆవుల్లో తగ్గించొచ్చా అని నేను మున్యాయిని అడిగాను, అకౌంట్స్ బుద్ధి ఎక్కడికి పోతుంది. "అవి అడక్కూడదు, అవి రోరాలోకి రావు" అన్నాడు.